నల్లపెట్టెలో పన్నెండు నిమిషాలు

మెహరున్నీసా పెనుకొండలో ఆటో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. రైతుల సమావేశం మూడు గంటలకు. ఆలియా అనే ఇరవై నాలుగేళ్ల పిల్ల ఇకమీదట ఈ చుట్టుపక్కల ఏ పట్టుపురుగుల షెడ్డు గడపైనా తొక్కగలదో లేదో అక్కడ తేలుతుంది. చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు. పెనుకొండ కోర్టులో ఇరవై రెండేళ్లు టైపిస్టుగా చేసి, ఇప్పుడు హిందూపురంలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న మెహరున్నీసాకు వాయిదాల మీద కేసులు తేలడమే అలవాటు. ఈ కేసులో వాయిదాలు లేవు.

కథ చిన్నదే. రామప్పది చాకీ కేంద్రం. పట్టుపురుగుల గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్ల పురుగులను పదిరోజులు సాకి రైతులకు పంచే చోటన్నమాట. ఈసారి అరవై రెండు మంది రైతుల కోసం దొరకడమే గగనమైన కొత్త రకం గుడ్లు వచ్చాయి. పగలబోయే ముందు గుడ్లను రెండు రోజులు నల్లపెట్టెలో దాస్తారు. చిటికెడు వెలుతురు కూడా తగలకూడదు. మూడోనాడు తెల్లవారగానే మూత తీసి వెలుతురు చూపిస్తే గుడ్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే పూట పగులుతాయి. బుధవారం ఉదయం అలా జరగాలి. కొన్ని బుధవారం పగిలాయి, కొన్ని గురువారం, మిగిలినవి నిన్న శుక్రవారం దాకా ఒక్కొక్కటిగా పగులుతూనే ఉన్నాయి. వయసు తేడా ఉన్న పురుగులను కలిపి పెంచడం ఎవరి తరమూ కాదు. ఒకటి మేస్తుంటే ఇంకొకటి పొర విడవడానికి నిద్రపోతుంది, ఆ నిద్రనే ఇక్కడ జ్వరం అంటారు. రైతులేమో ఈ తేదీని నమ్ముకుని మల్బరీ తోటలు ముందే కత్తిరించుకున్నారు. ఇప్పుడు చేలల్లో లేత ఆకు నవనవలాడుతోంది, మేసే నోళ్లు మాత్రం లేవు.

నల్లపెట్టె బాధ్యత ఆలియాది. కాబట్టి తప్పు ఆలియాదే అన్నారు అందరూ. చిక్కేమిటంటే, ఆలియా కూడా అదే అంటోంది.

రామప్ప గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి, తెల్లచొక్కా, మెడలో తువ్వాలు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఈ కేసు అప్పగించింది అతనే.

"రాండి మేడమ్. వాళ్ల నాయన జిలానూ నేనూ ఒకే చోట పట్టుదారం తీసినోళ్లం. ఆయప్ప పోయినాక ఆ పాప నాకు బిడ్డతో సమానం. మీరే ఏదో ఒగటి చేయల్ల."

"నిజం ఎట్లుంటే అట్ల చెప్తానప్పా. దానికి మించి నా చేతిలో ఏముండాది?"

"చాలు మేడమ్. మా తరఫున ఒకరు వచ్చి చూసినారని ఉంటే చాలు."

ఆ మాట మెహరున్నీసా చెవికి కొంచెం వింతగా తగిలింది. చూసి పోతే చాలనే మనిషి డిటెక్టివ్‌ను ఎందుకు పిలిపిస్తాడు? అయినా అప్పుడు దాన్ని పట్టుకుని లాగడానికి తీరిక లేదు. చెప్పులు విప్పి, గుమ్మం దగ్గర తొట్టిలోని బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి, కేంద్రంవాళ్ల రబ్బరు చెప్పులేసుకుని గుడ్ల గదిలోకి వెళ్లింది.

లోపల అప్పటికే అమర్‌నాథ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఎస్సై, రిటైరయ్యాక ధర్మవరంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. రైతుల సంఘం అతన్ని పెట్టుకుంది. ఒళ్లో కాగితాల కట్ట, ముఖం మీద పని ముగించుకున్న మనిషి నిశ్చింత.

"మీరొచ్చేలోపల కేసు ముగిసింది మేడమ్. టీ తాగి పోండి."

"మీ సాక్ష్యాలన్నీ టైపు కొట్టింది నేనే అమర్‌నాథ్ గారూ. మీరు ముగిసిందన్నాకే మీ కేసులు మొదలవుతాయి. ఆ కాగితాలు ఏందివి?"

అమర్‌నాథ్‌కు కోపం వచ్చింది గానీ గర్వం దాన్ని మించింది. కాగితాలు చూపించకుండా ఉండలేకపోయాడు.

"ఈ పిల్ల చేతికి ఈ పిల్లే వేసుకున్న బేడీలు. చెప్పమ్మా, నువ్వే చెప్పు."

ఆలియా గోడవారగా నిలబడి ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. బల్ల మీద ఉన్న అరచేతిలో పట్టేంత నీలిరంగు బోర్డును ముందుకు జరిపింది. దానికి రంగురంగుల వైర్లు, ఒక మెమరీ కార్డు, వైరు కొసన శనగబద్దంత గుండ్రటి బిళ్ల. బిళ్ల ముఖం మీద మెలికలు తిరిగిన సన్నటి గీత.

"ఇది ఆర్డునో బోర్డక్కా. నేర్చుకునేటోళ్లు దీంతోనే మొదలుపెడతారు. ఈ బిళ్ల వెలుతురు సెన్సారు."

"దీన్ని పెట్టెలో ఎందుకు పెట్టినావు?"

"పెట్టెలోకి వెలుతురు దూరుతాందా లేదా అని చూడల్లంటే మూత తీయల్ల గదక్కా. తీస్తే ఆ వెలుతురే తగులుతాది. మూత తీయకుండా తెలుసుకునేదెట్ల అని ఆలోచిస్తాంటి. ఫోన్‌లో వీడియో చూసి చేసినా. నిమిషానికి ఒక నంబరు కార్డులో రాస్తాది. సున్నా నుంచి వెయ్యిన్నీ ఇరవై మూడు దాకా."

మెహరున్నీసాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, వచ్చిన పని ఒక్క క్షణం మరిచిపోయింది. మూత తీయకుండా పెట్టెలో చీకటిని కొలవాలనుకోవడం. తను ఈ ఉద్యోగంలో రోజూ చేయాలని చూసేది అదే.

"నంబరు ఎక్కువుంటే?" అని అడిగింది.

"వెలుతురు ఎక్కువని." ఆలియా గొంతు తగ్గిపోయింది. "బుధవారం కార్డు తీసి చూస్తే అన్నీ వెయ్యి పైనే. మూత సరిగ్గా పడలేదేమో. నల్లగుడ్డ జారిందేమో. నాకు తెలియకుండానే..."

"వినండి," అన్నాడు అమర్‌నాథ్. "సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి ప్లగ్గు పెట్టింది. పుస్తకంలో రాసుకుంది. బుధవారం ఆరుకు తీసింది. ఈ మధ్యలో ఏ పేజీ తిప్పినా వెయ్యిన్నీ ఎనిమిది, వెయ్యిన్నీ పదకొండు. రెండు రోజులు పెట్టె బార్లా తెరిచి పెట్టింది. ఒక్క పన్నెండు నిమిషాలు మాత్రం ఆరువందల చిల్లరకు దిగింది. ఎవరో పుణ్యాత్ములు కాసేపు మూసినట్టున్నారు."

"మొదటి పేజీ చూసినారా?"

"ఏ పేజీ అయితేనేం?"

మెహరున్నీసా కట్ట అందుకుని మొదటి పేజీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. టైపిస్టులకు ఆ రోగం ఉంటుంది, మధ్యలోంచి చదవలేరు. మొదటి వరుస నూట డెబ్బై ఎనిమిది. రెండోది నూట ఎనభై ఒకటి. మూడోది నూట డెబ్బై తొమ్మిది. నాలుగోది ఏకంగా వెయ్యిన్నీ తొమ్మిది. అక్కడి నుంచి పేజీలకు పేజీలు వెయ్యికి పైనే.

"బేటీ, ప్లగ్గు పెట్టిన వెంటనే మూత వేసినావా?"

"లేదక్కా. ప్లగ్గు పెట్టి, వైరు సర్ది, గుడ్లంటిన షీట్లను కవర్లతో పెట్టి, అప్పుడు మూసి గుడ్డ చుట్టినా. రెండు మూడు నిమిషాలు పట్టింటాది."

"గదిలో లైటుండెనా?"

"ట్యూబులైటు వేసే ఉండె."

"అంటే మూత తీసున్న మూడు నిమిషాలు నంబరు నూట ఎనభై. మూసినాక వెయ్యి. ఇదేందో తలకిందులుగా ఉండాదే. దీన్ని ఇప్పుడు పని చేయించు, చూద్దాం."

ఆలియా బోర్డును లాప్‌టాప్‌కు తగిలించింది. తెర మీద నంబర్లు ఒకదాని కింద ఒకటి దిగసాగాయి. నూట ఎనభై రెండు. నూట ఎనభై. మెహరున్నీసా వంగి ఆ బిళ్ల మీద బొటనవేలు అదిమిపెట్టింది. తెర మీద ఐదువందలు, ఎనిమిదివందలు, వెయ్యిన్నీ మూడు. వేలు తీసింది. మళ్లీ నూట ఎనభై. ఇంకోసారి అదిమింది. ఆమెకిది ఆటలా ఉంది, ముఖంలో నవ్వు దాగలేదు. అమర్‌నాథ్ కుర్చీలోంచి లేచి వచ్చి తన వేలు కూడా పెట్టి చూశాడు. యంత్రం పోలీసు వేలికీ అదే జవాబు చెప్పింది.

"చీకటైతే నంబరు పెరుగుతాది," అంది మెహరున్నీసా. "వెలుతురైతే తగ్గుతాది. పెట్టె రెండు రోజులూ మూసే ఉండాది. తెరిచింది ఆ పన్నెండు నిమిషాలే."

ఆలియా వైర్ల వంక తేరిపార చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"వీడియోలో సెన్సారు పైన, రెసిస్టరు కింద ఉంటాదక్కా. నేను కింద మీద చేసినా. నంబర్లు రాస్తాందా లేదా అనే చూసుకుంటి గానీ, ఏ పక్కకు పోతాందో చూడనే లేదు."

ఆలియా గోడకు జారగిలబడి అక్కడే కూర్చుంది. తన పేజీలను గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిప్పిన సంగతి అమర్‌నాథ్‌కూ అర్థమైంది. గుమ్మం దగ్గర నిలబడిన రామప్ప మాత్రం, "దేవుడున్నాడు," అని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

గోడ గడియారంలో ఒంటిగంటా ఐదు.

"ఇప్పుడు ఆ పన్నెండు నిమిషాలు," అంది మెహరున్నీసా. "ముప్ఫై ఐదో పేజీ, ఇరవయ్యో వరుస నుంచి. ఆరువందల పది, ఆరువందల పదమూడు, ఆరువందల ఎనిమిది. ట్యూబులైటు వేస్తే నూట ఎనభై రావల్ల. ఇది ఆరువందలు. అంతకంటే మసక వెలుతురు. ఏ లైటు వేస్తే ఆరువందలు వస్తాదో వెతుకుదాం."

బిళ్లను పెట్టెలో గుడ్లుండే తావున పెట్టి, గది తలుపు మూశారు. తలుపు తీస్తే వచ్చే పగటి వెలుతురు అరవై. అమర్‌నాథ్ ఫోన్ టార్చి ఇరవై ఐదు. ఇద్దరు డిటెక్టివ్‌లూ సైన్సు పరీక్షకు కూర్చున్న పిల్లల్లా తలలు దగ్గరపెట్టి తెర చూస్తున్నారు. అతను సిగరెట్ లైటర్ తీయబోతే ఆలియా చేయి అడ్డం పెట్టింది. ఆ గదిలో పొగ పనికిరాదు. తర్వాత ఆమే తలుపు వెనక ఎవరికీ కనపడని స్విచ్చు వేసింది. మూలనున్న ఎర్ర జీరో బల్బు వెలిగింది. తెర మీద ఆరువందల తొమ్మిది.

మెహరున్నీసా ఆ అంకెను కాగితం మీది ఆరువందల ఎనిమిది పక్కన రాసుకుంది.

"ఈ బల్బు ఎందుకు బేటీ?"

"గుడ్డు నలుపు తిరిగిందా లేదా అని ఒకోసారి చూడల్సి వస్తాదక్కా. ఈ ఎర్ర వెలుతురు గుడ్డుకు ఏమీ చేయదు. ట్రైనింగులో చెప్పినారు."

"పన్నెండు నిమిషాలున్నా?"

"అరగంటున్నా ఏం కాదు."

"అట్లైతే నువ్వే చెప్పు. ఈ పెట్టెలో గుడ్లకు చెడేంత వెలుతురు ఒక్క నిమిషం కూడా తగల్లేదు. అయినా చెడిపోయినాయి."

ఆలియా పెట్టె అంచు పట్టుకుంది. "నేను సోమవారం పెట్టిన గుడ్లు, బుధవారం తీసిన గుడ్లు... ఒకటి కాదక్కా."

"గుడ్ల కవర్ల మీద నంబర్లు సరిపోయినాయే," అన్నాడు అమర్‌నాథ్.

"నంబరు కవరు మీదనే ఉంటాది సార్. లోపల షీట్లన్నీ ఒక తీరే. కవర్లు ఉంచి షీట్లు మార్చింటే ఎవురికీ తెలియదు. పాత గుడ్లో, వెలుతురు తగిలిన గుడ్లో పెట్టి మంచివి తీసుకపోయింటారు."

"తీసుకుపోయే గుడ్లు చెడకూడదని ఎర్ర బల్బు వేసుకున్నాడు," అంది మెహరున్నీసా. "పగబట్టి చెడగొట్టేవాడైతే ట్యూబులైటే వేసుకునేవాడు. ఇది గుడ్ల విలువ తెలిసిన దొంగ చేసిన పని."

అమర్‌నాథ్ ఇప్పుడు పూర్తిగా మేలుకున్నాడు. ఓడిపోయిన చోటు నుంచే మళ్లీ గెలవాలని చూసే రకం అతను. కాగితం మీద పెన్నుతో లెక్కవేశాడు.

"ముప్ఫై ఐదో పేజీ, ఇరవయ్యో వరుస. పేజీకి యాభై వరుసలు. అంటే పదిహేడు వందల ఇరవయ్యో నిమిషం. సోమవారం తొమ్మిదీ పది నుంచి లెక్కపెడితే మంగళవారం మధ్యాహ్నం ఒకటీ యాభై. ఒకటీ యాభైకి ఈ కేంద్రంలో ఎవరున్నారు?"

"నేను," అంది ఆలియా. "అన్నం తింటాంటి."

"గది తాళం?"

"నా దగ్గరనే ఉండె."

"ఎర్ర బల్బు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, చిన్నాయనకు, గోవిందమ్మక్కకు." చిన్నాయన అంటే రామప్ప. గోవిందమ్మ ఊడ్చి తుడిచే మనిషి.

రామప్ప జేబులోంచి ఒక చీటీ తీశాడు. అడగకముందే తీశాడు. "నేను మంగళారం హిందూపురం మార్కెట్లో ఉంటి. ఈ పట్టుగూళ్ల వేలం చీటీ చూడండి, ఒకటీ ముప్ఫై ఐదుకు కొట్టిచ్చినారు. పదిహేను నిమిషాల్లో ఆడ నుంచి ఈడికి ఎగిరి రాలేను గదా."

"గోవిందమ్మ?"

"ఆయమ్మ ఒకటిన్నర నుంచి రెండు దాకా ఇంటికి పోయి అన్నం తినొస్తాది," అని ఆలియానే చెప్పింది. అబద్ధం ఆడితే తనకు మేలని తెలిసీ ఆడలేదు. అది మెహరున్నీసా గమనించింది.

"చూసినారా మేడమ్," అన్నాడు అమర్‌నాథ్ మెల్లగా. "మూత సరిగ్గా వేయలేదని నింద పడిన పిల్లని మీరు దొంగను చేసినారు. పెనం మీద నుంచి పొయ్యిలో వేయడమంటే ఇదే. ఇంక నేను మూడు గంటలకు పోయి ఇదే చెప్తా."

ఆ మాట నిజమే కావడం మెహరున్నీసాకు మంట పుట్టించింది. ఆలియా ముఖం చూడలేకపోయింది. నాలుగు రోజులు నిర్లక్ష్యం అనే నింద మోసిన పిల్లకు తన తెలివి వల్ల దొంగతనం అంటుకుంది. కట్ట తీసుకుని మూలనున్న స్టూలు మీద కూర్చుంది. తోచనప్పుడు ఆమె చేసే పని ఒకటే. పేజీలు లెక్కపెడుతుంది. కోర్టులో ఏ ఫైలునైనా పైకి పంపే ముందు పేజీలు లెక్కపెట్టడం అలవాటు.

యాభై ఒకటి. చివరి పేజీలో నలభై వరుసలు.

మళ్లీ లెక్కపెట్టింది. అదే.

"అమర్‌నాథ్ గారూ, సోమవారం తొమ్మిదీ పది నుంచి బుధవారం ఆరు దాకా ఎన్ని నిమిషాలు?"

అతను విసుగ్గానే లెక్కవేశాడు. "రెండువేల ఆరువందల తొంభై."

"అంటే యాభై మూడు నిండు పేజీలు, మీద నలభై వరుసలు. మొత్తం యాభై నాలుగు పేజీలు ఉండల్ల. ఇందులో యాభై ఒకటే ఉండాయి. మూడు పేజీలు తక్కువ."

"ఈ పిల్లే చింపేసింటుంది."

"ప్రింటు మీరే తీయించినారు గదా. కార్డు కూడా మీ దగ్గరే ఉండాది. దాంట్లోనూ ఇంతే ఉంటాయి, చూసుకోండి." ఆమె ఆలియా వైపు తిరిగింది. "బేటీ, ఈ బోర్డుకు గడియారం ఉండాదా?"

"లేదక్కా. దానికి టైమెంతో తెలీదు. నిమిషం కాగానే నంబరు రాస్తాది, అంతే."

"నిమిషం అయినా రాయని వేళ ఉంటాదా?"

"కరెంటు లేకపోతే..." ఆలియా ఆగింది. "కరెంటు పోతే ఆగిపోతాది. వస్తే మళ్లా తనంతట తానే మొదలుపెడతాది. మధ్యలో ఖాళీ కూడా వదలదు, కింద వరుసలోనే రాసుకుంటా పోతాది. ఇన్వర్టరు ఫ్యాన్లకూ తేమ మిషన్‌కూ ఇచ్చినాం. నా ఛార్జరు మామూలు ప్లగ్గులో ఉండె."

"గోవిందమ్మను పిలువు."

గోవిందమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అరవై దగ్గరపడిన మనిషి. ఇంతమంది పెద్దవాళ్లు తన కోసం కాచుకోవడం ఆమెకు ఎబ్బెట్టుగా ఉంది.

"మంగళవారం కరెంటు పోయిందా అమ్మా?"

"పోకేమి తల్లీ. లైను పనంట, ఏ దొర పెట్టినాడో. పదకొండుకు పోయి ఒకటిన్నరకు వచ్చె. గది వేడెక్కుతాదని గోనెపట్టలు తడిపి కిటికీలకు వేసి వేసి నా రెక్కలు పడిపోయె. వచ్చినాకనే ఇంటికి పోయి ఇంత సంగటి తింటి."

పదకొండు నుంచి ఒకటిన్నర. రెండున్నర గంటలు. నూట యాభై నిమిషాలు. మూడు పేజీలు.

అమర్‌నాథ్ పెన్ను మూత నోట్లో పెట్టుకుని తనే లెక్క మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. "మంగళవారం పదకొండు దాకా పదిహేను వందల యాభై వరుసలు. అక్కడ ఆగింది. ఒకటిన్నరకు మళ్లీ మొదలైంది. ఇంక నూట డెబ్బై నిమిషాలకు..." పెన్ను ఆగింది. "నాలుగూ ఇరవై. పెట్టె తెరిచింది సాయంత్రం నాలుగూ ఇరవైకి."

"నాలుగూ ఇరవైకి నువ్వు యాడుంటివి బేటీ?"

"చెన్నేకొత్తపల్లిలో అక్కా. రెండున్నర బస్సుకు పోయినా. తాళం గోవిందమ్మక్కకు ఇచ్చిపోయినా. రైతులకు ఆకు తరిగేది చూపించల్లని రమ్మనిరి."

అమర్‌నాథ్ ఫోన్ తీసి చాలాసేపు వేలితో పైకీ కిందికీ జరిపాడు. తర్వాత ఫోన్‌ను మెహరున్నీసా చేతికిచ్చాడు. రైతుల సంఘం వాట్సాప్ గ్రూపు. మంగళవారం నాలుగూ పద్దెనిమిదికి సంఘం అధ్యక్షుడే పంపిన ఫోటో. ముప్ఫై మంది రైతులు గుండ్రంగా కూర్చున్నారు, నడుమ ఆలియా, ముందర ఆకు, చేతిలో కత్తి.

"ఈమె మీద కేసు పెట్టమన్న మనిషే తీసిన ఫోటో," అన్నాడు. "ముప్ఫై మంది సాక్షులు, అందరూ నా క్లయింట్లే." అతని గొంతులో ఓటమి ఉంది గానీ ఏడుపు లేదు. లెక్క తేలితే ఒప్పుకునే గుణం ఇంకా మిగిలి ఉన్నందుకు మెహరున్నీసా అతన్ని మొదటిసారి మెచ్చుకుంది. పైకి మాత్రం అనలేదు.

"గోవిందమ్మా, మంగళవారం సాయంత్రం ఈడికి ఎవరైనా వచ్చినారా?"

"ఎవురూ రాలేదు తల్లీ. నిన్న ఈ సారుకూ అదే చెప్పితి. బయటోళ్లను గేటు కూడా దాటనీను."

"బయటోళ్లు కాదమ్మా. ఎవరైనా."

గోవిందమ్మకు ఆ తేడా అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత చాలా మామూలుగా, అందులో పెద్ద సంగతేముందన్నట్టు, రామప్ప వైపు చేయి చూపింది.

"సారు వచ్చె గదా. మూడున్నరకో ఏమో హిందూపురం నుంచి వచ్చినాడు. తాళం తీసుకోని, పొద్దుటి నుంచి కష్టపడినావు, పోయి టీ తాగిరాపో అనె. నేను పోతి. సారు సెంటరుకు సారు వస్తే మనిషి వచ్చినట్టు చెప్పుకుంటామా?"

రామప్ప తువ్వాలు మెడ మీది నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు.

"నా సెంటరుకు నేను రాకూడదా?"

"రావచ్చప్పా," అంది మెహరున్నీసా. "వచ్చినానని నిన్నటి నుంచి నాతో ఒక్క మాట అనలేదే. వేలం చీటీ మాత్రం అడగకముందే చూపిస్తివి."

ఇప్పుడు ఆమెకు గేటు దగ్గర విన్న మాట అర్థమైంది. ఒక టైపిస్టమ్మ వస్తుంది, రెండు గంటలు కూర్చుంటుంది, పాపమని తల ఊపి పోతుంది. పిల్ల కోసం డిటెక్టివ్‌ను కూడా పెట్టించాడు రామప్ప అని నలుగురూ చెప్పుకుంటారు. ఆలియా మీద నింద అంతకంతకూ గట్టిపడుతుంది. తనను పిలిచింది ఏమీ కనిపెట్టజాలదన్న నమ్మకంతోనే. మెహరున్నీసాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లలో ఎంతోమంది ఆమెను తక్కువగా చూశారు గానీ, ఆ చిన్నచూపును ఒక ఆడపిల్ల మెడకు ఉరిగా పేనినవాడు ఇతనొక్కడే.

నాలుగు మాటలు అనడానికే నోరు తెరిచింది. కానీ ఆలియా అప్పటికే లేచి రామప్ప ఎదుట నిలబడింది. ఎందుకు చేసినావని ఆమె అడగలేదు. నాకెందుకు అంటగట్టినావనీ అడగలేదు.

"ఆ గుడ్లు యాడుండాయి చిన్నాయనా? బాగుండాయా?"

రామప్ప ఆమె ముఖం చూడలేక బల్ల మీది నల్లపెట్టె వంక చూశాడు. దబాయించాలనుకుంటే దబాయించగలిగేవాడేమో. అమర్‌నాథ్ అందుకు సిద్ధంగానే ఉన్నాడు. కానీ నలభై ఏళ్లు పురుగులతో బతికిన మనిషిని గుడ్లు బాగున్నాయా అని అడిగితే, నోరు దానంతట అదే నిజం చెబుతుంది కాబోలు.

"రొళ్ల ఊర్లో. మా బావమరిది కొత్త షెడ్డులో. ఆడ పెంచి అమ్ముకుందామని ఆశపడితి. నల్లగుడ్డలో చుట్టుకోని పోయినా, వెలుతురు చూపీలేదు. బుధారం ఆరుకు తీసినాం." అతను పెట్టె మూత మీద చేయి వేశాడు. "ఏడున్నరకంతా అన్నీ పగిలినాయి పాపా. ఒక్క గుడ్డు మిగల్లే. నా జన్మలో అట్ల పగిలిన గుడ్లు నేను సూళ్లేదు. నువ్వు అంత బాగా దాసిపెట్టింటివి."

నాలుగు రోజులుగా ఎవరైనా ఒక్కరు అంటే బాగుండునని ఆలియా కాచుకున్న మాట అదే. మల్బరీ తోటలు కత్తిరించుకుని కూర్చున్న అరవై రెండు మందిలో ఎవరో ఒకరు అనాల్సిన మాట. చివరికి ఆ మాట తన మీద నేరం మోపినవాడి నోటి నుంచి వచ్చింది.

గోడ గడియారంలో రెండూ పది. అమర్‌నాథ్ తన కాగితాలు సర్దుకుంటూ, "మూడు గంటల మాట నాకు వదిలేయండి మేడమ్," అన్నాడు.

ఆలియా చున్నీతో ముఖం తుడుచుకుంది. బల్ల మీదున్న రామప్ప ఫోన్ తీసి అతని చేతిలోనే పెట్టింది.

"రొళ్లకు ఫోన్ చేయి చిన్నాయనా. ఇయ్యాల వాటికి మొదటి జ్వరం, పొర విడిచేదాకా కదలవు. ఎవురినీ పురుగుల తట్టలు ముట్టుకోవద్దని చెప్పు. నేను వస్తాండానని చెప్పు."